ఏరుకుంటే ఒక రేటు



మా తుర్కయంజాల్‌లో సాయంత్రం ఐదు దాటిందంటే సాగర్ రోడ్డు పక్కన ఒక టమాటా బండి వచ్చి ఆగుతుంది. బండి మీద ఉండేది ఒకటే కుప్ప. రేట్లు మాత్రం రెండు. "ఏరుకుంటె నలభై, ఏరకుంటె ముప్పై" అంటాడు బండతను. ముప్పైకి ఒప్పుకుంటే అతనే దోసిలి పట్టి కాటా మీది గిన్నెలో పోస్తాడు. అందులో గట్టికాయ ఉంటుంది, దోరది ఉంటుంది, అడుగున నలిగి నీరు కారేది ఒకటి తప్పకుండా ఉంటుంది. మా ఆవిడ ముప్పై రేటుకే బేరం కుదుర్చుకుని, కుప్ప మీద చెయ్యి పెట్టి ఒక్కొక్కటే తిప్పడం మొదలుపెడుతుంది. "అమ్మా, ఏరుతున్నవ్" అంటాడతను. "ఏరుతలేను, చూస్తున్న" అంటుంది. చూసినవన్నీ గిన్నెలోకి ఎలా చేరతాయో నాకు తెలియదు. అతనికి తెలిసినా పైకి అనడు.

ఆ పది రూపాయలు టమాటాకు కాదు, ఏరుకునే హక్కుకు. నేను దిల్‌సుఖ్‌నగర్‌లో 30 ఏళ్లు పిల్లలకు కామర్స్ చెప్పాను. గిరాకీ రేఖ, సరఫరా రేఖ అంటూ బోర్డు మీద గీసి గీసి ఎన్ని సుద్దముక్కలు అరగదీశానో లెక్కలేదు. ఒకే సరుకుకు రెండు ధరలు ఎందుకుంటాయో మాత్రం ఆ బండి దగ్గర కనిపించినంత తేటగా నేను ఏనాడూ చెప్పలేకపోయాను. ఈ సంగతి ఇవాళ ఎత్తుకోవడానికి కారణం విమానం టికెట్.

పోయిన సంక్రాంతికి మా అమ్మాయి దగ్గరికి పుణె వెళ్దామనుకున్నాం. ఫోన్‌లో టికెట్లు చూస్తే ఒకే విమానానికి, ఒకే సమయానికి, పక్కపక్కన మూడు గళ్లు కనిపించాయి. మొదటి గడిలో అన్నింటికన్నా తక్కువ ధర. రెండో గడి మనిషికి 420 రూపాయలు ఎక్కువ. మూడోది ఇంకా పైన. సీటు ఒకటే, విమానం ఒకటే, చేరే టైము ఒకటే. ఇంకేం ఆలోచిస్తాం? ఇద్దరికి 840 రూపాయలు, అంటే మా ఇంట్లో పది పన్నెండు రోజుల పాలు. మొదటి గడి నొక్కేశాను. కింద ఏదో సన్నక్షరాల్లో రాసి ఉంది. ఒప్పుకుంటున్నానని టిక్కు పెట్టమంది. పెట్టాను. పిల్లల జవాబు పత్రాల్లో కామాలు కూడా వదలకుండా దిద్దినవాణ్ని, ఆ నాలుగు లైన్లు చదవలేదు.

ఇక సకినాల సంగతి చెప్పాలి. ఇబ్రహీంపట్నం నుంచి మా మరదలు వచ్చింది. కొత్త బియ్యప్పిండిలో నువ్వులు, వాము కలిపి, మధ్యాహ్నమంతా ఇద్దరూ తెల్లటి బట్ట పరిచి దాని మీద సకినాలు చుట్టారు. ఆరనిచ్చి, కాల్చి, స్టీలు డబ్బాకు ఎత్తారు. సకినం తిన్నవాళ్లకు తెలుసు, అది కరకరలాడాలంటే ముందు విరగకుండా ఇల్లు చేరాలి. బెల్టు మీద వేసి విమానం కడుపులోకి పంపితే పుణెలో దిగేది సకినాలు కాదు, నువ్వుల పిండి. అందుకని డబ్బా చేతిసంచిలోనే ఉండాలని ఇంట్లో తీర్మానం. ఎలాగూ చెకిన్ లగేజీ లేని టికెట్టే కదా, రెండూ కలిసొచ్చాయనుకున్నాను.

తెల్లవారుజామున బయల్దేరాం. బొంగుళూరు గేటు దగ్గర ఔటర్ రింగు రోడ్డు ఎక్కితే మా వైపు వాళ్లకు శంషాబాద్ విమానాశ్రయం దూరం కాదు. ఆదిబట్ల, రావిర్యాల, తుక్కుగూడ, పెద్ద గోల్కొండ దాటితే వచ్చేస్తుంది. దారిలో ఆదిబట్ల దగ్గర టాటా వాళ్ల షెడ్లు ఉంటాయి. బోయింగ్ 737 విమానం తోక మీద నిటారుగా నిలబడే రెక్క ఉంటుంది చూడండి, అది మా పొరుగూరిలో తయారవుతుంది. అపాచీ హెలికాప్టర్ల ఒళ్లు కూడా అక్కడే తయారవుతుంది. విమానం తోక చేసే ఊరి పక్కన ఉండి, విమానం టికెట్ చదవడం రాకపోవడం మా ఇంటి విశేషం.

కౌంటర్ దగ్గర అమ్మాయి చేతిసంచి కాటా మీద పెట్టమంది. 11 కిలోలు. మనిషికి 7 కిలోల వరకే పైకి రానిస్తారు. మా ఆవిడ భుజాన ఉన్న రెండో సంచి అప్పటికే నిండింది. "సార్, ఇది చెకిన్‌లో వేయాలి. మీ ఫేర్‌లో లగేజీ లేదు, చార్జి పడుతుంది" అంది, ఎంతో మర్యాదగా. ఆ చార్జి రెండు వేలు దాటింది. వెనకాల వరుసలో జనం. నేను కార్డు తీస్తుంటే మా ఆవిడ అక్కడే గచ్చు మీద కూర్చుని సంచి జిప్పు లాగి, డబ్బా బయటికి తీసి ఒళ్లో పెట్టుకుంది. చీరలు, నా చొక్కాలు, మనవడి స్వెట్టరు అన్నీ ఆ సంచిలోకి కుక్కి బెల్టు మీద వేశాం. లేచి నిలబడి ఒక్కటే మాట అంది: "టమాట బండోడే నయం. ఏరితె ఎంతనో ముందే చెప్తడు."

నిజం చెప్పాలంటే వీళ్లూ ముందే చెప్పారు. చేతిసంచికి ఎంత బరువో, దాటితే ఎంత చార్జో నేనే చదవలేదు. ఆ విమాన సంస్థ పేరు అందుకే ఇక్కడ తీయడం లేదు. తప్పులో సగం నాది, ఆ సగానికి రెండు వేలు కట్టేశాను.

అంతటితో అయిపోలేదు. బోర్డింగ్ పాసులు చూస్తే మా ఆవిడది 9బి, నాది 24ఇ. రెండూ నడిమి సీట్లే. సీటు ఏరుకోనివాడికి మిగిలేవి అవే, కుప్ప అడుగున నలిగిన టమాటాల్లాంటివి. నా పక్కన కిటికీ దగ్గర కూర్చున్న అబ్బాయిని సీటు మార్చుకుంటావా అని అడుగుదామనుకున్నాను. ఆ కిటికీకి అతను విడిగా డబ్బు కట్టాడట. ఇక నోరు రాలేదు.

అదే బస్సుల సంగతి చూడండి. ఎల్బీ నగర్ చౌరస్తాలో ఒక పది నిమిషాలు నిలబడండి. పల్లెవెలుగు వస్తుంది, ఎక్స్‌ప్రెస్ వస్తుంది, డీలక్స్, సూపర్ లగ్జరీ, రాజధాని, గరుడ వరుసగా వస్తాయి. టికెట్ తేడా ఎందుకో నేల మీద నిలబడే చెప్పొచ్చు. ఒకటి ఊరూరా ఆగుతుంది, ఒకదానికి వెనక్కి వాలే సీటుంది, ఒకదానికి ఏసీ ఉంది. చదువురాని మనిషికి కూడా ఎందుకు ఎక్కువో, ఎందుకు తక్కువో కంటికి తెలిసిపోతుంది. విమానంలో 24వ వరుసలో కూర్చున్న ముగ్గురం మూడు ధరలు పెట్టాం. సీటు మెత్తదనం ఒకటే, పైలట్ ఒకడే, మబ్బుల్లో కుదుపు ముగ్గురికీ సమానం. తేడా అంతా కంటికి కనపడని చోట, కంప్యూటర్‌లో మా పేర్ల పక్కన ఉంది. సంచి వేసే హక్కు, సీటు ఏరుకునే హక్కు, తేదీ మార్చుకునే హక్కు, వెళ్లకపోతే డబ్బు వెనక్కి అడిగే హక్కు. వీటిలో ఏవేవి వదులుకున్నామో దాన్ని బట్టి రేటు. బేసిక్ ఎకానమీ, లైట్, సేవర్, వాల్యూ, ఇలా కంపెనీకో పేరు. సరుకు మాత్రం ఒకటే, హక్కులు తీసేసిన సీటు.

ఇది మన దగ్గర ఎప్పుడు మొదలైందంటే, 1994 నుంచి చెప్పుకోవాలి. ఆ ఏడాది ఎయిర్ కార్పొరేషన్స్ చట్టం రద్దయి, ప్రభుత్వ సంస్థల గుత్తాధిపత్యం పోయింది. అయినా విమానం చాలా ఏళ్లు పెద్దోళ్ల బండిగానే ఉంది. 2003లో కెప్టెన్ గోపీనాథ్ ఎయిర్ దక్కన్ మొదలుపెట్టారు. ఆ కథలో మన బేగంపేట విమానాశ్రయానికి ఒక పేజీ ఉంది. ఆ ఏడాది సెప్టెంబరులో హైదరాబాద్ నుంచి విజయవాడకు వాళ్ల తొలి సర్వీసు. లోపల వెంకయ్యనాయుడు గారితో పాటు పెద్దలు కూర్చున్నారు. విమానం కదిలి రన్‌వే మీదికి వెళ్లాక ఇంజన్‌లో మంటలు. అందరూ క్షేమంగా దిగిపోయారు. ఆ దారిలో మొదటి రోజే నిప్పు చూసిన కంపెనీ మూతపడుతుందనుకున్నారు. పడలేదు సరికదా, ఆ తర్వాత ఒక్క రూపాయికి టికెట్ అంటూ దేశమంతా గోల లేపింది. ఆర్.కె. లక్ష్మణ్ గీసిన సామాన్యుణ్ని తమ గుర్తుగా పెట్టుకుంది. గోపీనాథ్ కథ ఆధారంగా సుధ కొంగర తీసిన సినిమా 'ఆకాశం నీ హద్దురా' పేరుతో 2020లో తెలుగులోనూ వచ్చింది, మీలో చాలామంది చూసే ఉంటారు.

రూపాయి టికెట్ ఎలా గిట్టుబాటవుతుందని అప్పట్లో మా స్టాఫ్‌రూమ్‌లో పెద్ద చర్చ. పన్నులు వేరే కట్టాలనుకోండి. అసలు కిటుకు ఏమిటంటే, రూపాయికి దొరికేవి ఏవో కొన్ని సీట్లు. ముందే కొన్నవాడికి రూపాయి, చివరి రోజు పరిగెత్తుకొచ్చినవాడికి వేలు. లోపల మంచినీళ్ల సీసా కూడా కొనుక్కోవాల్సిందే. ప్రయాణం వేరు, మర్యాద వేరు అని మనవాళ్లకు మొదట నేర్పింది ఎయిర్ దక్కనే. అంతకుముందు విమానం ఎక్కితే చాక్లెట్, పత్రిక, భోజనం అన్నీ టికెట్‌లోనే ఉండేవి. పెళ్లి భోజనంలో అప్పడానికి వేరే బిల్లు వేస్తే ఎలా ఉంటుందో, కొత్తలో అలా అనిపించింది. తర్వాత అలవాటైపోయింది.

2013లో ఈ విడివిడి అమ్మకాలకు విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ దారి ఇచ్చింది. అప్పటిదాకా 20 కిలోలు ఉచితంగా తీసుకెళ్లనిచ్చిన ప్రైవేటు సంస్థలు దాన్ని 15 కిలోలకు దించాయి. 2021 ఫిబ్రవరిలో ఇంకో మెట్టు. చెకిన్ లగేజీ అసలు లేకుండా వచ్చేవాళ్లకు ధర తగ్గించి అమ్ముకోవచ్చని అనుమతి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో ఎయిర్ ఇండియా ఎక్స్‌ప్రెస్ 'ఎక్స్‌ప్రెస్ లైట్' పేరుతో ఆ సరుకు బజారులో పెట్టింది. అదే ఏడాది మే నెలలో ఎయిర్ ఇండియా కూడా దేశీయ ప్రయాణాల్లో కింది రకం టికెట్ల లగేజీని 15 కిలోలకు తెచ్చేసింది.

అమెరికాలో ఈ కథ మనకన్నా ముందుది. 1978లో అక్కడ ధరల మీద ప్రభుత్వ అదుపు ఎత్తేశారు. 1985లో అమెరికన్ ఎయిర్‌లైన్స్ బాగా తగ్గించిన ధరలకు టికెట్లు పెట్టింది, కాకపోతే ముందే కొనాలి. వాటికి ఇంకో షరతు కూడా ఉండేది, వెళ్లిన చోట శనివారం రాత్రి ఉండి తీరాలని. వినడానికి విచిత్రంగా ఉంటుంది. శనివారం రాత్రి ఎక్కడ పడుకుంటే కంపెనీకి ఏమిటి? ఆఫీసు పని మీద వెళ్లినవాడు శుక్రవారానికల్లా పెళ్లాం పిల్లల దగ్గరికి వచ్చేస్తాడు. చుట్టాల్ని చూడటానికి వెళ్లినవాడు శని, ఆదివారాలు ఉంటాడు. ఆఫీసు డబ్బుతో తిరిగేవాణ్ని చవక టికెట్ వైపు రాకుండా ఆపే కంచె అది. ఆ వ్యాపారంలో వాళ్లు దాన్ని కంచె అనే అంటారు. స్పిరిట్ లాంటి అతి చవక కంపెనీల పోటీ తట్టుకోవడానికి 2012లో డెల్టా 'బేసిక్ ఎకానమీ' అనే పేరుతో టికెట్లు పెట్టింది. 2017లో అమెరికన్, యునైటెడ్ అదే బాట పట్టాయి. మరుసటేడు అట్లాంటిక్ దాటే విమానాల్లోకీ ఈ రకం వచ్చింది.

డాలస్‌లో ఉండే మన తెలుగువాళ్లకు సౌత్‌వెస్ట్ సంగతి బాగా తెలుసు. అది ఆ ఊరి కంపెనీయే. రెండు పెట్టెలు ఎవరికైనా ఉచితం అన్నది దాని పేరూ, పరువూ. అరవై ఏళ్ల తల్లిదండ్రుల్ని అమెరికాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పంపాలంటే పిల్లలు దాన్నే వెతుక్కునేవాళ్లు. 2025 మే 28 నుంచి అదీ పోయింది. పెట్టెకు డబ్బు, కింద బేసిక్ అనే ధర. చివరిదాకా నిలబడినవాడు కూడా వరుసలోకి వచ్చేశాడు.

ఇంతకూ ఈ బేసిక్ టికెట్ నిజంగా చవకైందా? నా అనుమానం వేరే. పాత ధర ఉన్నచోటే ఉంది. దాంట్లోంచి సంచీ, సీటూ, తేదీ మార్పూ ఒక్కొక్కటే తీసేసి, దానికి బేసిక్ అని పేరు పెట్టారు. తీసినవి మళ్లీ చేర్చి, పైన కొంత వేసి, మామూలు టికెట్ అన్నారు. అన్ని దారుల్లో, అన్ని రోజుల్లో ఇలాగే జరిగిందని నేను అనను. పోటీ గట్టిగా ఉన్న దారిలో ధర నిజంగానే తగ్గి ఉండొచ్చు. కాని ఆ మొదటి గడి పెట్టింది అమ్మడానికి కాదేమో, చూపించడానికేమో అని నాకు అనిపిస్తుంది. టికెట్లు పోల్చి చూపే చోట అందరికన్నా తక్కువ ధరవాడు పైన కనపడతాడు. ఆ ధర చూసి లోపలికి వస్తాం. వచ్చాక, మీ సంచి సంగతేమిటి, ఇద్దరూ పక్కపక్కన కూర్చోవద్దా, రేపు తేదీ మారితే ఏం చేస్తారు అని ఒక్కొక్క తెరా అడుగుతుంది. మన మనసులో ఉన్న భయాలన్నీ వరుసగా లేపుతుంది. చివరికి రెండో గడిలోకి మనంతట మనమే నడిచి వెళతాం.

ఈ కిటుకును 1849లోనే ఒకాయన పట్టుకున్నాడు. ఫ్రెంచ్ ఇంజనీరు, పేరు జూల్ డ్యుప్యుయి. అప్పట్లో అక్కడ రైళ్లలో మూడో తరగతి పెట్టెలకు కొన్నింటికి కప్పు ఉండేది కాదు. ఎండా వానా మీదే, బల్లలు చెక్కవి. కప్పు వేయడానికి, బల్లలకు మెత్తలు కుట్టడానికి అయ్యే ఖర్చు కంపెనీకి ఒక లెక్కలోది కాదు. మరి ఎందుకు వేయలేదు? పేదవాడి మీద కోపంతో కాదంటాడాయన. రెండో తరగతికి డబ్బు పెట్టగలిగినవాడు మూడో తరగతిలోకి దిగకుండా ఉండాలి, అందుకని. కష్టపడేది పేదవాడు, భయపడవలసింది పక్క పెట్టెలోని డబ్బున్నవాడు. క్లాసులో ఈ సంగతి చెప్పినప్పుడల్లా వెనక బెంచీలో ఎవరో ఒకరు లేచి, "అంటే సార్, కప్పు లేకపోవడమే వాళ్ల సరుకా?" అనేవాళ్లు. అవును, అదే సరుకు.

మన రైళ్లలోనూ మూడో తరగతి ఉండేది. 1974లో దాన్ని ఎత్తేసి రెండో తరగతి అన్నారు. పేరు మారింది, చెక్కబల్ల మారలేదు. నేను చిన్నప్పుడు రాత్రంతా ఆ బల్ల మీద పడుకుని, తెల్లారి లేస్తే చెక్కల సందులు వీపు మీద అచ్చుపడేవి. 1977లో మధు దండవతే రైల్వే మంత్రి అయ్యారు. ఆ చెక్కబల్లల మీద రెండంగుళాల ఫోము వేయించారు. మొదటి తరగతిని కిందికి లాగడం నా ఉద్దేశం కాదు, రెండో తరగతిని పైకి తేవాలి అన్నది ఆయన వాదన. తరగతుల తేడా లేని గీతాంజలి ఎక్స్‌ప్రెస్ ఆ ఏడాది డిసెంబరులోనే బొంబాయికీ హౌరాకూ మధ్య మొదలైంది. ఫోము వేస్తే మొదటి తరగతి ఖాళీ అయిపోతుందని ఎవరైనా లెక్క చూపించారో లేదో గాని, బల్లలు మెత్తబడ్డాయి. ఇవాళ రైల్లో స్లీపర్ బెర్తు ఎక్కే ప్రతివాడి వీపూ ఆయనకు రుణపడి ఉంది.

విమానాల్లో ఇప్పుడు జరుగుతున్నది దానికి తిరగేసిన పని. ఉన్న మెత్త తీసి, మెత్త కావాలంటే ఇంత అంటున్నారు. నా పక్కన కిటికీ సీటులో ఎంత దూది ఉందో, నా నడిమి సీటులోనూ అంతే ఉంది. కాని ఆ నడిమి సీటులో కూర్చున్న నన్ను చూసి, వచ్చేసారి ఇంకొకడు రెండో గడి నొక్కాలి. నేను కప్పు లేని పెట్టెలో కూర్చున్నవాణ్ని, మిగతావాళ్లకు బెదురుబొమ్మలా.

అయితే ఈ చవక టికెట్ ఎవరికీ పనికిరాదని కాదు. మా అల్లుడు నెలకోసారి పుణె నుంచి హైదరాబాద్ వస్తాడు. భుజాన లాప్‌టాప్ బ్యాగు, పొద్దున వచ్చి రాత్రికి పోతాడు. ఏ సీటైనా ఒకటే, కూర్చోగానే నిద్రపోతాడు. అతనికి మొదటి గడి అసలైన చవక. తనకు అక్కర్లేని సంచికి డబ్బు కట్టకుండా పోతున్నాడు. చిక్కంతా రేపేం జరుగుతుందో తెలియనివాళ్లకే.

మా కాలనీలో రెండు మూడు ఇళ్లకు ఒక ఇల్లు పిల్లల్ని అమెరికా పంపినదే. బిడ్డ కాన్పుకు వెళ్లే తల్లి టికెట్ సంగతి చూడండి. వెళ్లే తేదీ తెలుసు, వచ్చే తేదీ పుట్టబోయే పిల్లకే తెలుసు. నెల ముందు రావొచ్చు, బాలింతకు ఒంట్లో బాగోక ఇంకో నెల ఉండవలసి రావొచ్చు. అలాంటి ప్రయాణానికి తేదీ కదపనివ్వని టికెట్ కొంటే, ఆదా చేసిన పది వేలు ఒక్క మార్పులో పోతాయి. ఇంకో చిక్కు ఎక్కడుందంటే, హైదరాబాద్ నుంచి దోహా మీదుగానో, దుబాయ్ మీదుగానో షికాగో దాకా ఒక టికెట్, అక్కడి నుంచి బిడ్డ ఉండే ఊరికి ఇంకో కంపెనీలో విడి టికెట్ తీస్తారు. మొదటి టికెట్ మీద రెండు పెద్ద పెట్టెలు ఉచితం. రెండో దాని మీద ఒక్కటీ ఉండదు. ఇంగ్లీషు అంతంత మాత్రంగా వచ్చే ఆ తల్లి, అంత దూరం వచ్చిన పెట్టెలకు, చివరి గంటన్నర ప్రయాణానికి కౌంటర్ దగ్గర డాలర్లు ఎంచాలి. రెండూ ఒకే టికెట్‌గా తీసుకుంటే సాధారణంగా మొదటి దాని లగేజీ లెక్కే చివరిదాకా నడుస్తుంది. ధర కాస్త ఎక్కువ కనిపించినా అదే మేలు.

దిల్‌సుఖ్‌నగర్ హాస్టళ్ల నుంచి ఆగస్టు చదువులకు బయల్దేరే పిల్లలది ఇంకో తీరు. వీసా చేతికి రాకముందే, రేటు పెరుగుతుందన్న కంగారులో చవక టికెట్ కొనేస్తారు. వీసా వాయిదా పడితే టికెట్ గాలికి. వీళ్లకు చెప్పేది ఒక్కటే. విద్యార్థులకని విడిగా, ఎక్కువ లగేజీతో అమ్మే టికెట్లు కొన్ని సంస్థల దగ్గర ఉంటాయి, వాటిని అడిగి మరీ చూడండి. గల్ఫ్‌కు పోయే జగిత్యాల, నిజామాబాద్ అన్నలకైతే టికెట్ తీసేది ఏజెంటు. తమ టికెట్ ఏ గడిలోదో వాళ్లకు విమానాశ్రయంలో కాటా ఎక్కేదాకా తెలియదు.

చట్టం మన పక్షాన పెట్టిన నాలుగు మాటలు కూడా చెప్పి ముగిస్తాను. డబ్బు తిరిగి రాదని టికెట్ మీద ఎంత పెద్దక్షరాల్లో రాసినా, మీరు ప్రయాణం మానుకుంటే, విమానాశ్రయం వాడుక రుసుము లాంటి చట్టబద్ధమైన వసూళ్లు తిరిగివ్వాల్సిందే. రద్దు రుసుము కూడా అసలు చార్జీ, ఇంధనం చార్జీ కలిపిన మొత్తం దాటకూడదు. చవక టికెట్ మీద ఆ తిరిగొచ్చే సొమ్ము ఒక్కోసారి వందల్లో ఉంటుంది, అడిగేవాళ్లు తక్కువ. 2019 నాటి ప్రయాణికుల చార్టర్‌లో ఇంకొకటుంది. సంస్థ సొంత వెబ్‌సైట్‌లో కొని, ప్రయాణానికి కనీసం వారం గడువుంటే, కొన్న 24 గంటల్లోపు రుసుము లేకుండా మనసు మార్చుకోవచ్చని అప్పుడు పెట్టారు. నాలుగోది చిన్నపిల్లలున్నవాళ్లకు. 12 ఏళ్లలోపు పిల్లల్ని అదే టికెట్ మీదున్న తల్లిదండ్రుల్లో ఒకరి పక్కన కూర్చోబెట్టాలని 2024 ఏప్రిల్‌లో డీజీసీఏ చెప్పింది. పిల్లాడి పక్కన కూర్చోవడానికని సీటు కొనుక్కునే ముందు ఈ మాట గుర్తు చేయండి. భార్యాభర్తల గురించి మాత్రం ఆ ఉత్తర్వులో ఏమీ లేదు. మేము 9లోనూ 24లోనూ కూర్చోవాల్సి వచ్చింది.

ఈసారి పండక్కి మళ్లీ పుణె ప్రయాణం పెట్టుకున్నాం. ఫోన్‌లో మళ్లీ అవే మూడు గళ్లు. ఈసారి తేడా 500 రూపాయలు. నేను రెండో గడి మీద వేలు పెట్టబోతే మా ఆవిడ ఆపింది. "మొదటిదే తియ్యండి. సామాను నేను చూసుకుంట" అంది. స్టీలు డబ్బా మానేసి తేలికపాటి ప్లాస్టిక్ డబ్బా కొంది. మనవడి స్వెట్టరు పెట్టలేదు, వాడు ఎదిగిపోయాడట. చీరలు రెండే. అంతా సర్ది, జిప్పు వేసి, సాయంత్రం ఐదు దాటాక నన్ను వెంటబెట్టుకుని రోడ్డు మీదికి నడిచింది. టమాటా బండి దగ్గర ఆగి, గిన్నె పక్కకు జరిపి, సంచిని ఎత్తి కాటా మీద పెట్టింది.

ఎర్రటి అంకెలు కాసేపు ఊగి 6.800 దగ్గర నిలబడ్డాయి.

బండతను తొంగి చూశాడు. "ఏడు కిలోల దాక పోనిస్తరా అమ్మా? ఇంక రెండొందల గ్రాములు పడతది. టమాటలు ఎయ్యమంటవా?"

"వెయ్యి" అంది మా ఆవిడ, చెయ్యి అప్పటికే కుప్ప మీద పెట్టి.